20×10×10 గది: ఒక్క స్వరానికి ఇల్లంతా మోగుతోంది, మిగతా బేస్ మాయం

కరకంబాడి రోడ్ | శనివారం రాత్రి 10:20

అందరికీ నమస్కారం. పోయిన సంవత్సరం మిద్దె మీద ఒక గది వేయించాను, సినిమాలకీ పాటలకీ అని. లోపలి కొలత 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, స్లాబు ఎత్తు 10. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, కింద టైల్స్. ముందు గోడకు టీవీ, దానికి రెండు వైపులా స్పీకర్లు, ఎడమ మూలలో 12 అంగుళాల సబ్ (సబ్‌వూఫర్, బేస్ పలికే స్పీకరు). వెనక గోడకు ఆనించి సోఫా.

సమస్య ఏంటంటే, పాటలో బేస్ గిటార్ నాలుగు స్వరాలు పలికితే మూడు వినీవినపడనట్టు ఉంటాయి. నాలుగోది మాత్రం గుమ్మ్‌మ్‌మని గదిని పట్టుకుని వదలదు. పక్క గదిలో బీరువా తలుపు గడగడలాడుతుంది. సోఫాలో గోడ పక్కన కూర్చున్నవాళ్లకి ఛాతీ మీద గుద్దినట్టు ఉంటుంది, మధ్యలో కూర్చుంటే కొంచెం నయం. వెనక గోడ నుంచి ఐదడుగులు ముందుకొచ్చి నిలబడితే సబ్ ఆపేసినట్టే. మా ఆవిడ కాఫీ ఇవ్వడానికి వచ్చి సరిగ్గా అక్కడే నిలబడి "ఏముంది, బాగానే ఉందే, ఎందుకీ గోల" అంటుంది. ఆమె నిలబడ్డ చోట నిజంగానే గోల లేదు!

ఒక షాపు వాళ్లు వచ్చి చూసి రెండంగుళాల ఫోమ్ ముక్కలు 24 అమ్మారు. గోడలకి అంటించాను. మాట మందంగా తయారైంది, గుమ్మ్ మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు అదే షాపు వాళ్లు ఇంకా పెద్ద సబ్ కొనమంటున్నారు. కొనేలోపు ఇక్కడ ఒక మాట అడుగుదామని వచ్చాను. తప్పు సబ్‌దా, గదిదా?

లీలామహల్ కుర్రోడు | శనివారం రాత్రి 10:31

కోడిగుడ్ల అట్టలు కొట్టించు అన్నా. మా ఫ్రెండ్ స్టూడియోలో అవే.

స్లాబు లెక్క | శనివారం రాత్రి 11:05

గుడ్ల అట్టలకి గుడ్లు మోయడం తప్ప ఈ పని రాదు తమ్ముడూ. బేస్ విషయంలో వాటికీ క్యాలెండరు కాగితానికీ పెద్ద తేడా ఉండదు.

కరకంబాడి అన్నా, సబ్ తప్పు కాదు. మీ కొలతలు చూడగానే అర్థమైంది. 20, 10, 10. నేను సివిల్ వాణ్ని, నా ఇల్లు కట్టుకునేటప్పుడు ఈ లెక్క మీద చాలా రాత్రులు కూర్చున్నాను, అందుకే ఇంత ఉత్సాహం.

ఎదురెదురు గోడల మధ్య శబ్దం అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఒక తరంగం వెళ్లి తిరిగొచ్చే సమయం దాని సొంత ఊపుతో సరిపోతే, ఉయ్యాల ఊపినట్టు ప్రతిసారీ కొంచెం కొంచెం జతపడి పెరిగిపోతుంది. దాన్నే రూమ్ మోడ్ అంటారు. లెక్క చాలా తేలిక. మన వేడికి, అంటే 30 డిగ్రీల దగ్గర, శబ్దం సెకనుకు దాదాపు 349 మీటర్లు పోతుంది, అడుగుల్లో 1145. అందులో సగం దాదాపు 573. ఆ 573ని గోడల మధ్య అడుగులతో భాగిస్తే మొదటి మోడ్. దానికి రెట్టింపు, మూడు రెట్లు, అలా తర్వాతివి.

మీ పొడవు 20 కాబట్టి 28.6 హెర్ట్జ్ (సెకనుకు అన్ని ఊపులు), 57, 86, 115.
వెడల్పు 10 కాబట్టి 57, 115.
ఎత్తు 10 కాబట్టి 57, 115.

చూశారా? 57 దగ్గర మూడు కొలతలూ ఒకేచోట పోగుపడ్డాయి. 28 నుంచి 57 దాకా ఏమీ లేదు, 57 నుంచి 86 దాకా ముఖ్యమైనది ఒక్కటి కూడా లేదు. మీ బేస్ గిటార్ పలికే నాలుగో స్వరం 57కి దగ్గర్లో ఉండుంటుంది. కింది ఏ స్వరం 55 హెర్ట్జ్, దాని పక్క నల్లమెట్టు 58. ఆ రెంటిలో ఏదో ఒకటి మీ బీరువా తలుపు కొడుతోంది.

గోడలకి ఏటవాలుగా, నాలుగు గోడల్నీ తాకుతూ తిరిగే మోడ్‌లు కూడా ఉంటాయి, ఆరు వైపులా తాకేవీ ఉంటాయి. కానీ వాటి బలం తక్కువ. మీ గదికి ఈ మూడు వరసలు చూస్తే చాలు.

కరకంబాడి రోడ్ | ఆదివారం ఉదయం 7:15

అన్నా, నిద్ర పట్టలేదు మీ పోస్టు చదివి. లెక్క అర్థమైంది. కానీ ఐదడుగులు ముందుకొస్తే మాయమవడం ఎందుకు? శబ్దం గదంతా ఉండాలి కదా?

స్లాబు లెక్క | ఆదివారం ఉదయం 8:40

మా ఊర్లో ఎద్దులు నీళ్లు తాగే సిమెంటు తొట్టి ఉండేది, పొడుగ్గా. చిన్నప్పుడు ఒక కొసన చేత్తో నీళ్లని తోస్తూ ఆడేవాళ్లం. సరైన సమయానికి తోస్తే నీళ్లు ఈ కొసన లేస్తాయి, ఆ కొసన దిగుతాయి, మళ్లీ అటు. కొసల్లో జానెడు ఎత్తు లేస్తున్నా తొట్టి నడిమధ్యలో నీటి మట్టం కదలదు. అక్కడ నీళ్లు పక్కలకి జారుతుంటాయి, అంతే.

గదిలో గాలి కూడా అదే. గోడ దగ్గర గాలి కదలడానికి చోటు లేదు కాబట్టి ఒత్తిడి పెరుగుతుంది, చెవికి వినపడేది ఆ ఒత్తిడే. మొదటి మోడ్‌కి గోడల దగ్గర గట్టిగా, నడిమధ్యలో సున్నా. రెండో మోడ్‌కి రెండు గోడల దగ్గరా, మధ్యలోనూ గట్టిగా, పావు దగ్గర, ముప్పావు దగ్గర సున్నా.

మీ పొడవుకి 57 రెండో మోడ్. 20 అడుగుల్లో ముప్పావు అంటే ముందు గోడ నుంచి 15, వెనక గోడ నుంచి 5. మీ ఆవిడ కాఫీ పట్టుకుని నిలబడే చోటు.

వెడల్పుకి 57 మొదటి మోడ్, దానికి సున్నా సరిగ్గా మధ్యలో. అందుకే సోఫా మధ్యలో నయం, గోడ పక్కన గుద్దులు.

చేతనైతే ఒక పని చేయండి. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ వేసి 57 హెర్ట్జ్ సబ్‌కి పంపండి, తక్కువ వాల్యూమ్‌లో. గది నడిమధ్య గీత మీద ముందు గోడ నుంచి వెనక్కి నడవండి.

కరకంబాడి రోడ్ | ఆదివారం ఉదయం 9:30

నడిచాను సామీ. టీవీ దగ్గర గట్టిగా, ఐదడుగులకి మాయం, పదికి మళ్లీ గట్టిగా, పదిహేనుకి మాయం, వెనక గోడ దగ్గర మళ్లీ భయంకరం. టైల్స్ మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టాను. 29 పెట్టి నడిస్తే సరిగ్గా మధ్యలో ఒక్కచోటే పోతోంది. మా పిల్లలు గదిలో దెయ్యం ఉందని నమ్మేశారు.

తొప్పి రవ్వ | ఆదివారం ఉదయం 11:10

చిత్తూరు నుంచి. నేను మృదంగం నేర్పుతాను. ఈ చర్చ చదివాక ఒక సందేహం వదలట్లేదు. నా క్లాసు గది పది బై పది, ఎత్తు కూడా పదే. ఎడమ వైపు తొప్పికి రవ్వ ముద్ద పెట్టి వాయిస్తాం కదా, గుంకీ తీసేటప్పుడు నాదం కింది నుంచి పైకి జారుతుంది. మా గదిలో ఆ జారుడులో ఒకచోట గుప్పున లేచి, దాటాక పడిపోతుంది. రవ్వ ఎక్కువ పెట్టానేమోనని తీసి మళ్లీ పెట్టడం, మృదంగం మార్చడం, అన్నీ అయ్యాయి. ఇంకో విచిత్రం, నేను గోడకి ఆనుకుని కూర్చుంటాను, పిల్లలు మధ్యలో. నాకు గుంకీ మరీ ఎక్కువగా వినిపించి "తగ్గించు నాయనా" అంటాను, వాడేమో "వినపడలేదు సార్" అని ఇంకా గట్టిగా కొడతాడు. నేను మొండితనం అనుకున్నాను.

సీమ సౌండ్ | ఆదివారం ఉదయం 11:48

అయ్యో సార్, పిల్లవాడిది తప్పే లేదు. పది, పది, పది అంటే అగ్గిపెట్టె కూడా కాదు, పాచిక. మూడు వైపులా 57, ఏటవాలు మోడ్‌లు 81 దగ్గర, ఆరు వైపులా తాకేది 99 దగ్గర. మిగతాచోట్ల ఖాళీ. గుంకీ జారుతూ వచ్చి వాటిలో ఒకదాని మీద కాలు పెట్టగానే గది అందుకుంటుంది. నడిమధ్యలో కూర్చున్నవాడికి వాటిలో చాలా భాగం సున్నా. గోడకి ఆనుకున్న మీకు పూర్తిగా వస్తుంది. ఈ రోజు సాయంత్రం మీరు మధ్యలో కూర్చుని, పిల్లల్ని గోడ దగ్గర కూర్చోబెట్టి చూడండి.

నేను తిరుచానూరు వైపు కల్యాణ మండపాల్లో సౌండ్ పెడుతుంటాను. అక్కడ ఈ బాధ ఉండదు. నూరడుగుల హాల్ అయితే మొదటి మోడ్ ఆరు హెర్ట్జ్ కూడా ఉండదు. 57 వచ్చేసరికి మోడ్‌లు చీమల బారులా కిక్కిరిసి ఉంటాయి, ఏ ఒక్కటీ విడిగా వినపడదు. అక్కడి గోల వేరు, ప్రతిధ్వని. చిన్న గదిలోనే మోడ్ విడివిడిగా నిలబడి మనల్ని పలకరిస్తుంది. ఈ రెంటికీ హద్దు ఎక్కడో మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ అనే జర్మన్ శాస్త్రవేత్త సూత్రం ఇచ్చాడు. కరకంబాడి అన్న గదికి వేస్తే హద్దు 200 హెర్ట్జ్ చుట్టుపక్కల వస్తుంది. దానికి కింద రాజ్యం గదిది, పైన స్పీకర్‌ది.

తొప్పి రవ్వ | ఆదివారం రాత్రి 8:55

మార్చి కూర్చున్నాం. నాకు గుంకీ సన్నబడింది, పిల్లవాడు ఉలిక్కిపడి చెయ్యి తీసేశాడు. మూడేళ్లుగా తిట్టాను వాణ్ని. రేపు వాడికి మైసూర్‌పాక్ తీసుకెళ్లాలి.

గ్రానైట్ బాబు | సోమవారం ఉదయం 6:50

నేనూ చిత్తూరే. నాది ఇంకా పునాది దశ. ప్లానులో 12 బై 12 గది, ఎత్తు 10. ఇప్పుడే చదివి గుండె జారింది. మార్చాలంటే ఈ వారమే మార్చాలి. నెట్‌లో గోల్డెన్ రేషియో అని ఒకటి చూశాను, అది పెడితే సరిపోతుందా? మా మేస్త్రి వాస్తు ప్రకారం ఆయం లెక్క వేరే చెబుతున్నాడు, దానికీ దీనికీ గొడవ రాకూడదు.

స్లాబు లెక్క | సోమవారం ఉదయం 9:20

12 బై 12 అయితే 47.7 దగ్గర రెండు గోడల జతలూ కలిసిపోతాయి. పాచిక కాదు కానీ దాని బంధువే.

గోల్డెన్ రేషియోకి శబ్దంతో ప్రత్యేకంగా చుట్టరికం ఏమీ లేదు, పేరు బాగుంది అంతే. దీని మీద పని చేసినవాళ్లు వేరే నిష్పత్తులు ఇచ్చారు. 1946లో రిచర్డ్ బోల్ట్ ఏ నిష్పత్తుల్లో మోడ్‌లు సమంగా పరుచుకుంటాయో ఒక పటం గీశాడు, అది ఒక్క అంకె కాదు, ఒక ప్రాంతం. 1965లో సెప్‌మేయర్ మూడు నిష్పత్తులు చెప్పాడు, వాటిలో ఒకటి ఎత్తు 1 అయితే 1.28, 1.54. 1971లో లౌడెన్ ఎక్కువ మెచ్చింది 1, 1.4, 1.9. పదడుగుల ఎత్తుకి అది 14 బై 19.

మీకు అంత చోటు లేకపోతే 13 బై 17 చూడండి, నాకు అది ఇష్టం. ఎదురెదురు గోడల మోడ్‌లు వరసగా 34, 44, 57, 67, 88, 101, 115. ఎక్కడా రెండు ఒకదాని మీద ఒకటి ఎక్కలేదు, మధ్యలో పెద్ద గుంతా లేదు.

ఆయం విషయం మీ మేస్త్రితో మీరే తేల్చుకోండి, నేను మధ్యలోకి రాను. ఒకటి మాత్రం గమనించండి. శబ్దానికి కావాల్సింది గోడ లోపలి ముఖం నుంచి లోపలి ముఖం దాకా, పూత అయ్యాక ఉన్న కొలత. మేస్త్రి ఏ ముఖం నుంచి కొలుస్తున్నాడో అడిగి తెలుసుకోండి. గోడ మందంలో సర్దుకుంటే ఇద్దరి మాటా నెగ్గొచ్చు.

సీమ సౌండ్ | సోమవారం మధ్యాహ్నం 1:15

ఇక్కడ నేను స్లాబు లెక్క గారితో కొంచెం విభేదిస్తాను. నిష్పత్తికి మనం ఎక్కువ విలువ ఇస్తున్నాం. ఆ లెక్కలన్నీ ఖాళీ పెట్టె మీద వేసినవి. గోడలు కదలవు, తలుపు లేదు, కిటికీ లేదు, సబ్ మూలలో ఉంది, వినేవాడు ఎదురు మూలలో ఉన్నాడు అనుకుని. నిజం ఇంట్లో ఎవరైనా మూలలో తల పెట్టి పాటలు వింటారా?

లౌడెన్ నిష్పత్తితో కట్టిన గదిలో కూడా సోఫాని వెనక గోడకి ఆనిస్తే దరిద్రంగా వినిపిస్తుంది. పాడు నిష్పత్తి గదిలో సబ్, సోఫా సరైన చోట పెడితే బతికిపోతారు. నేను చూసినవాటిల్లో గది కొలత తప్పుకన్నా కుర్చీ చోటు తప్పే ఎక్కువ.

స్లాబు లెక్క | సోమవారం మధ్యాహ్నం 1:40

ఒప్పుకుంటాను, సగం. కట్టేసిన గదికి మీ మాట. కట్టబోయే గదికి నా మాట. గ్రానైట్ బాబు ఒక అడుగు జరపడానికి ఈ రోజు అయ్యే ఖర్చు ఒక సుద్ద గీత. స్లాబు పడ్డాక జరపడానికి అయ్యే ఖర్చు ఎంతో మా సైటుకి రండి, చూపిస్తాను.

ఇంకోటి. నెట్‌లో మనం చదివేది ఎక్కువగా అమెరికా ఇళ్ల సంగతి. అక్కడ గోడ అంటే చెక్క ఫ్రేముకి జిప్సమ్ బోర్డు. బేస్‌కి ఆ బోర్డే ఊగి కొంత మింగేస్తుంది, కొంత బయటికి వదిలేస్తుంది. మనది తొమ్మిదంగుళాల ఇటుక, పైన ఆర్‌సీసీ, కింద విట్రిఫైడ్ టైల్స్. వచ్చిన శబ్దాన్ని వచ్చినట్టే తిప్పి పంపుతాయి. వాళ్ల గదిలో మోడ్ ఒక పలకరింపు అయితే మన గదిలో అది పెళ్లివారి బంధువు, వచ్చి పోదు. కాబట్టి వాళ్లు "పర్వాలేదు" అన్న కొలత మనకి పర్వాలేదు కాకపోవచ్చు.

గ్రానైట్ బాబు | సోమవారం రాత్రి 9:00

13 బై 17కి ఒప్పించాను. మేస్త్రి మూడంగుళాలు అటూ ఇటూ చేస్తానన్నాడు. సరేనా?

స్లాబు లెక్క | సోమవారం రాత్రి 9:04

మూడంగుళాలకి మొదటి మోడ్ ఒక హెర్ట్జ్ కూడా కదలదు. కానివ్వండి.

లీలామహల్ కుర్రోడు | సోమవారం రాత్రి 9:30

కరకంబాడి అన్న గదికి ఫాల్స్ సీలింగ్ వేసి ఎత్తు 9 చేస్తే మూడిట్లో ఒకటి విడిపోతుంది కదా? నేను కూడా లెక్క వేశాను చూడండి, 573ని 9తో భాగిస్తే 63.7.

సీమ సౌండ్ | సోమవారం రాత్రి 10:10

శభాష్ తమ్ముడూ, గుడ్ల అట్టల నుంచి ఇంత దూరం వచ్చావు. లెక్క కరెక్టే, కానీ 57 హెర్ట్జ్‌కి పన్నెండు మిల్లీమీటర్ల జిప్సమ్ బోర్డు గట్టి గోడ కాదు. చాలా భాగం దాన్ని దాటి పైన స్లాబుకి కొట్టుకుని వస్తుంది. కొంత బోర్డు ఊగి మింగుతుంది, అది లాభమే. కొలత మారిందనుకుని మాత్రం డబ్బు పెట్టొద్దు. బేస్‌కి గోడ అంటే బరువు. ఇటుకతో అడ్డుగోడ కడితే మారుతుంది, ప్లైవుడ్ పార్టిషన్‌తో సగం సగం మారుతుంది.

ఫోమ్ ఎందుకు పని చేయలేదో కూడా చెప్తాను. మెత్తటి సరుకు, ఫోమ్ అయినా దూది అయినా, గాలి కదిలే చోట పని చేస్తుంది. గోడ మీద గాలి కదలదని ఇందాక తొట్టి కథలో విన్నాం. గాలి బాగా కదిలేది గోడ నుంచి పావు తరంగం దూరంలో. 57 తరంగం పొడవు 20 అడుగులు, పావు అంటే 5 అడుగులు. రెండంగుళాల ఫోమ్ ఆ ఐదడుగుల కథలో గుమ్మం కూడా దాటలేదు. అది మాటలోని సన్నని శబ్దాల్ని మాత్రం తినేసింది, అందుకే మాట మందంగా అయింది. సగం ముక్కలు పీకేయండి.

ఈ బుధవారం నాకు ముహూర్తాలు లేవు. నా దగ్గర శబ్దం కొలిచే యూమిక్ మైక్ ఉంది, ల్యాప్‌టాప్‌లో గది శబ్దాన్ని పటం గీసే రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్ ఉంది, అది ఉచితమే. వచ్చి కొలిచి వెళ్తాను.

కరకంబాడి రోడ్ | బుధవారం రాత్రి 11:20

సీమ సౌండ్ అన్న వచ్చాడు. నాలుగు గంటలు కూర్చున్నాడు, రెండు టీలు తప్ప ఏమీ తీసుకోలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మొదట సోఫాలో గోడ పక్క సీటు దగ్గర మైకు పెట్టి కొలిచాం. 57 దగ్గర గోపురంలా ఒక శిఖరం, చుట్టుపక్కల కన్నా 16 డీబీ (డెసిబెల్, మోత కొలత) పైన. వాటర్‌ఫాల్ పటం అని ఇంకోటి చూపించాడు, శబ్దం ఆపాక ఎంతసేపు తోక ఉందో చెప్పేది. మిగతావన్నీ చటుక్కున పడిపోతుంటే 57 మాత్రం సెకనున్నర దాకా సాగింది. నేను గుమ్మ్‌మ్‌మ్ అని ఎన్ని మకారాలు రాశానో అన్నీ ఆ పటంలో ఉన్నాయి.

తర్వాత సబ్‌ని సోఫా మీద పెట్టమన్నాడు. నేను జోక్ అనుకున్నాను. నిజంగానే నేను కూర్చునే చోట సబ్ పెట్టి, పాట వేసి, నన్ను గోడల వెంట మోకాళ్ల మీద పాకమన్నాడు. ఎక్కడ బేస్ అన్ని స్వరాలూ సమంగా వినిపిస్తే అక్కడ సబ్ పెట్టాలట. మా ఆవిడ వీడియో తీసింది, ఇక్కడ మాత్రం పెట్టను. పాకి పాకి చివరికి ముందు గోడ మధ్యలో, టీవీ స్టాండు కింద ఆగాను. ఎందుకు అక్కడ అని అడిగితే, వెడల్పు మోడ్‌కి సున్నా చోటు అదే కదా, సున్నా చోట నిలబడి తోస్తే ఆ మోడ్ లేవదు అన్నాడు. తొట్టి నడిమధ్యలో నీళ్లని పైకీ కిందికీ కొట్టినట్టు.

సబ్ మూల నుంచి మధ్యకి రాగానే గోడ పక్క సీటు గుద్దులు సగం పోయాయి.

తర్వాత సోఫా. వెనక గోడ నుంచి ఐదడుగులు ముందుకి జరిపాం. అది మరీ ఎక్కువైంది, 57 బొత్తిగా పోయి డప్పు బోలుగా వినిపించింది. మళ్లీ అరడుగు, అరడుగు జరుపుతూ ముందు గోడకి పదమూడున్నర అడుగుల దగ్గర ఆపాం. ఇప్పుడు శిఖరం 6 డీబీ. మొదటిసారి బేస్ గిటార్ నాలుగు స్వరాలూ నాలుగుగా విన్నాను. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. కాకపోతే సోఫా గది మధ్యలో బస్టాండు బెంచీలా ఉంది, ఇంట్లో అభ్యంతరాలు మొదలయ్యాయి.

సీమ సౌండ్ | గురువారం ఉదయం 7:30

ఒక చిన్న దిద్దుబాటు. శిఖరం ఎత్తు తగ్గింది కానీ తోక తగ్గలేదు. చోటు మారిస్తే ఆ సీటులో ఆ మోడ్ తక్కువ వినిపిస్తుందంతే, గదిలో అది బతికే ఉంది. గది ఎత్తు తాలూకు మోడ్ కూడా అలాగే ఉంది, సబ్ నేల మీద ఉన్నంతకాలం అది లేస్తుంది. ఐదడుగుల స్టూలు మీద పెడితే పోతుంది, కానీ ఆ ఇంట్లో ఇప్పటికే నా పేరు పాడైంది.

ఇక ఈక్వలైజర్. ఏవీఆర్‌లో (స్పీకర్లని నడిపే రిసీవర్‌లో) 57 దగ్గర 5 డీబీ తగ్గించాం, అది మంచిదే, ఆ సీటుకి తోక కూడా కొంత తగ్గినట్టు వినిపిస్తుంది. పక్క సీటుకి అదే వర్తించదు. గుంతలు ఉన్నచోట మాత్రం పెంచకండి. గుంత అంటే రెండు తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకున్న చోటు. మీరు ఎంత పెంచితే రెండూ అంత పెరిగి మళ్లీ కొట్టేసుకుంటాయి. 10 డీబీ పెంచాలంటే యాంప్ పది రెట్లు పవర్ ఇవ్వాలి. అప్పు తీర్చలేనివాడికి ఇంకో అప్పు ఇచ్చినట్టు. షాపు వాళ్లు చెప్పిన పెద్ద సబ్ సంగతి కూడా ఇంతే.

డబ్బు పెట్టాలనుకుంటే ఒక పెద్ద సబ్ బదులు రెండు మామూలువి మేలు. హార్మన్ అనే ఆడియో కంపెనీలో టాడ్ వెల్టీ 2002లో దీని మీద పని చేశాడు, ఎదురెదురు గోడల మధ్యల్లో పెడితే సీటుకీ సీటుకీ తేడా తగ్గుతుందని తేల్చాడు. మీ గదిలో అలా రెండు పెడితే 28.6 చచ్చిపోతుంది, కానీ పొడవు తాలూకు 57 చావదు, రెండు గోడల దగ్గరా అది ఒకే దిక్కుకి ఊగుతుంది కాబట్టి. మీ గది అంత మొండిది.

పల్ప్ ఫ్యాక్టరీ | గురువారం మధ్యాహ్నం 2:00

ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను. నేను చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్. బాయిలర్లకీ స్టీమ్ పైపులకీ చుట్టే రాక్‌వూల్ స్లాబులు బేస్‌కి పని చేస్తాయి, ఇన్సులేషన్ సరుకు అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతాయి, ఆడియో షాపుల్లో అడగొద్దు, అక్కడ పేరు మారి ధర పెరుగుతుంది. మూలల్లో నేల నుంచి పైదాకా, ముఖం రెండడుగులు ఉండేలా అడ్డంగా నింపాలి. చేసేటప్పుడు మాస్కు, చేతులకి గ్లౌజులు, పొడుగు చొక్కా తప్పనిసరి. పైన దగ్గరి నేత గుడ్డ కప్పాలి. ఒంటికి అంటితే రెండ్రోజులు గోక్కుంటారు, అనుభవంతో చెప్తున్నా.

స్లాబు లెక్క | గురువారం సాయంత్రం 6:25

రాక్‌వూల్ మూలలు 100కి అటూ ఇటూ బాగా తింటాయి. 57కి కొంచెమే. దానికి ఊగే పలక కావాలి. చెక్క ఫ్రేము మీద ప్లైవుడ్ బిగించి, వెనక గాలి బంధించాలి. ప్లైవుడ్ బరువు, వెనక గాలి స్ప్రింగు. ఆ రెండూ ఏ హెర్ట్జ్‌కి ఊగుతాయో ఆ హెర్ట్జ్‌ని తింటుంది. ఇది గోడ మీదే పని చేస్తుంది, ఎందుకంటే దానికి కావాల్సింది గాలి కదలిక కాదు, ఒత్తిడి.

లెక్క: చదరపు మీటరు పలక బరువు కిలోల్లో, వెనక ఖాళీ మీటర్లలో, రెండూ గుణించి వర్గమూలం తీసి, 60ని దానితో భాగించాలి. పన్నెండు మిల్లీమీటర్ల ప్లై 8 బై 4 షీటు తూకం వేయించండి, దాదాపు 22 కేజీలు వస్తే చదరపు మీటరుకి ఏడున్నర. 57 కావాలంటే ఖాళీ ఆరంగుళాలకి ఒక నూలు తక్కువ. లోపల రెండంగుళాల రాక్‌వూల్ వెనక గోడకి, పలకకి తగలకుండా. అంచులన్నీ సిలికాన్‌తో మూసేయాలి. సూది మొనంత సందున్నా స్ప్రింగు పోయినట్టే. ముందే చెప్తున్నా, లెక్క ఒకటి చెప్తుంది, కట్టాక ఇంకోటి వస్తుంది.

కరకంబాడి రోడ్ | మూడు వారాల తర్వాత, ఆదివారం సాయంత్రం 5:45

ఆలస్యానికి క్షమించండి, వడ్రంగి దొరకలేదు. ఒక షీటుని రెండు ముక్కలు చేసి, నాలుగు బై నాలుగు పలకలు రెండు చేయించాం. వెనక గోడకి రెండు మూలల్లో, పైకి స్లాబుకి ఆనేలా బిగించాం. అక్కడైతే పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ గట్టిగా ఉంటాయని సీమ సౌండ్ అన్న చెప్పాడు.

స్లాబు లెక్క అన్న చెప్పినట్టే అయింది. పలక దగ్గర మైకు పెట్టి చూస్తే 57కి కాదు, 63కి ఊగుతోంది. వడ్రంగి ముఖం మాడ్చుకున్నాడు. ప్లై బిగుసుకుపోవడం వల్ల అలా అవుతుందట. బరువు పెంచాలి అన్నారు. మిద్దెకి నీరు కారకుండా వేసే తారు షీటు ముక్కలు కోసి పలక లోపలి వైపు అంటించాం, ఒక్కో పలకకి రెండు కేజీలు. మళ్లీ కొలిస్తే 58. అక్కడ ఆపేశాం.

తోక సెకనున్నర నుంచి ముప్పావు సెకనుకి వచ్చింది. బీరువా తలుపు నోరు మూసుకుంది. ఫోమ్ ముక్కలు సగం పీకేశాను, మాట మళ్లీ మాటలా ఉంది. గోడకి జిగురు మచ్చలు మిగిలాయి, రంగు వేయించాలి. ఇంట్లో రాజీ ఏంటంటే, సినిమా రోజు సోఫా పదమూడున్నర అడుగుల గుర్తు మీదకి వస్తుంది, మిగతా రోజులు గోడ దగ్గరే. చక్రాలు బిగించాం.

ఒక్క విషయం. నిన్న మధ్యాహ్నం ఏసీ వేయకుండా, గది పొయ్యిలా ఉన్నప్పుడు టోన్ వేస్తే శిఖరం 58 దాటి కనపడింది. మళ్లీ పాడైందా?

సీమ సౌండ్ | ఆదివారం సాయంత్రం 6:30

పాడవలేదు, తిరుపతి ఎండ. గాలి వేడెక్కితే శబ్దం వేగం పెరుగుతుంది, మోడ్ పైకి జరుగుతుంది. ఏసీలో 24 డిగ్రీలకి మీ మోడ్ 56.7, నలభై డిగ్రీలకి 58.2. మీ పలక 58కి కుదిరింది కాబట్టి రెండు కాలాలకీ మధ్యలో పడ్డట్టే.

తొప్పి రవ్వ | ఆదివారం రాత్రి 8:20

ఆ మైకు ఒకసారి చిత్తూరు రావాలి. క్లాసు గదికి మూలల్లో పాత దూది పరుపులు మడిచి నిలబెట్టాను, కొంచెం మారినట్టుంది, నిజమో నా భ్రమో తెలియడం లేదు. టీ కాదు, భోజనమే పెడతాను.

సీమ సౌండ్ | ఆదివారం రాత్రి 8:32

వచ్చే గురువారం పెట్టుకుందాం సార్. ఆ పిల్లవాణ్ని కూడా రమ్మనండి, మధ్యలో కూర్చోవడానికి ఒకరు కావాలి.